అల కుట్టు నేర్పినాయన

ముందుకు జరగండి, ఇంకా ముందుకు. తలుపు దగ్గర నక్కినవాళ్ళు కూడా లోపలికి రండి. నా గొంతు అంత దూరం రాదు. చాప చాలకపోతే మోకాలికి మోకాలు ఆనించి కూర్చోండి, కాస్త వెచ్చగానూ ఉంటుంది. ఆ వెనక గిల్లుడు ఆపాలి. ఆపారా? సరే, వినండి.

చలిమల అని ఒక కొండ ఊరు. శ్రావణంలో కూడా అక్కడ పొద్దున పూట నోరు తెరిస్తే ఆవిరి వస్తుంది. ఆ ఊళ్ళో వకుళ అనే అమ్మాయికి ఒక చిక్కు వచ్చి పడింది.

చిక్కు పెద్దదేం కాదు. కొలిస్తే రెండు వేళ్ళ వెడల్పు. ఒక పసిబిడ్డ కోటుకు ఉండే కాలరు. కానీ ఆ రెండు వేళ్ళ కాలరు రెండు నెలలుగా వకుళను సరిగ్గా అన్నం తిననివ్వడం లేదు. ముద్ద కలిపి, నోటి దాకా తెచ్చి, గోడ వైపు చూస్తూ ఉండిపోయేది. వాళ్ళమ్మ పక్కనుంచి, "ఆ గోడకేమన్నా పెడతావా, నువ్వే తింటావా?" అనేది.

వకుళ ఊలు అల్లిక నేర్చుకుంటోంది. గురువు దస్తగిరమ్మ అవ్వ. అవ్వకు డెబ్బై దాటాయి. ఒక కంటికి పొర కమ్మింది, రెండో కన్ను కూడా అదే దారిలో ఉంది. అయినా సూదులు ఆగేవి కావు. ఒడిలో ఊలు ఉండ దొర్లుతూ ఉంటే, వచ్చినవాళ్ళతో మాట్లాడుతూ, కోడిని అదిలిస్తూ, వరుస మీద వరుస అల్లేసేది.

ఆమె చిన్నతనంలో ఆ కొండ మీద ఒక మిషను ఆసుపత్రి ఉండేది. అక్కడి దొరసాని నర్సు ఊళ్ళో ఆడపిల్లలను కూర్చోబెట్టి అల్లిక నేర్పింది. ఆసుపత్రిలో పుట్టిన ప్రతి బిడ్డకూ ఆ పిల్లలు అల్లిన కోటు ఒకటి తొడిగి పంపేవాళ్ళు. మీగడ రంగు ఊలు. భుజాల దగ్గర బుట్ట చేతులు. నడుము చుట్టూ సన్న రిబ్బను. అంచున ఆకుల వరుస. ముందు మూడు గవ్వ గుండీలు. ఆ ఊళ్ళో దాన్ని చంటికోటు అంటారు. దానికి జతగా కుచ్చు టోపీ, కాళ్ళకు రిబ్బను మేజోళ్ళు.

ఆసుపత్రి ఎప్పుడో మూతపడింది. దొరసాని తన ఊరికి వెళ్ళిపోయింది. ఆమెతో నేర్చుకున్నవాళ్ళు పెళ్ళిళ్ళయి, పిల్లలయి, సూదులు ఎక్కడ పెట్టారో కూడా మరిచిపోయారు. ఆ పాతకాలపు అల్లిక అవ్వ వేళ్ళలో మాత్రం మిగిలింది.

ఇప్పుడు మళ్ళీ దానికి గిరాకీ వచ్చింది. బజారులో కుందేలు బొమ్మలు అచ్చు వేసిన స్వెట్టర్లు గంపలకొద్దీ ఉన్నా, కింది ఊళ్ళ నుంచి జనం పాత ఫోటోలు పట్టుకుని కొండ ఎక్కి వచ్చేవాళ్ళు. "మా నాయన పసిబిడ్డగా ఉన్నప్పటిది అవ్వా. ఇదిగో, ఇట్లాంటి కోటే మా మనవరాలికీ తొడిగి ఉయ్యాల్లో వేయాల" అనేవాళ్ళు.

అవ్వ దగ్గర ఒక పద్ధతి ఉంది. శిష్యురాలి చేయి కుదిరింది అనిపించగానే, రేకు పెట్టెలోంచి ఒక పాత చంటికోటు తీసి ఒడిలో పెట్టేది. అవ్వ పదహారేళ్ళ వయసులో అల్లిన మొదటి కోటు అది. "దీనికి కవల పిల్లను కని తీసుకురా" అనేది. శిష్యురాలు అచ్చు అలాంటిదే అల్లి తేవాలి. అవ్వ కళ్ళు మూసుకుని, ఒక చేయి పాతదాని మీద, ఒక చేయి కొత్తదాని మీద వేసి తడిమి చూస్తుంది. రెండు చేతులకూ ఒకే మాట వినిపిస్తే, ఒక జత సూదులు ఆ పిల్ల చేతిలో పెట్టి, "ఇంక నీ పేరుతో నువ్వు అల్లుకో" అంటుంది. దాన్నే ఆ ఊళ్ళో అవ్వ చేయి వదలడం అంటారు. నలభై ఏళ్ళలో నలుగురికే ఆ మాట దక్కింది.

అల్లిక మొదలుపెట్టిన మూడేళ్ళకే వకుళకు ఆ పాత కోటు చేతికి వచ్చింది. అంత తొందరగా ఎవరికీ రాలేదు. ఆ సంగతి వకుళకు తెలుసు. తనకు తెలుసన్న సంగతి నలుగురికీ తెలిసేలా నడిచేది.

కోటు ఇంటికి తీసుకుపోయి ఇరవై రోజుల్లో కవలను అల్లేసింది. బుట్ట చేతులు సరిపోయాయి. అంచున ఆకులు సరిపోయాయి. ఇక రేపు పొద్దున అవ్వ దగ్గరికి పోవడమే అనుకుని, రెండింటినీ కిటికీ వెలుతురులో పక్కపక్కన పరిచింది.

అప్పుడు చూసింది.

పాత కోటు కాలరు తిన్నగా లేదు. ఎడమ పక్క అంచు సన్నగా అలలు అలలుగా లేచి ఉంది. కుడి పక్క అలల్లేవు. వెనక వైపు మాత్రం చిన్న అలలు ఇంకో రెండు. వేలితో లెక్కపెట్టింది. ఎడమ పక్క ఏడు. మూడోది తక్కినవాటి కంటే పెద్దది.

వకుళ ఒళ్ళు పులకరించింది. ఇది అవ్వ ఎన్నడూ నేర్పని కుట్టు. తనకంటే ముందు సూదులు అందుకున్న నలుగురూ తిన్నటి కాలరే అల్లి ఇచ్చారు, వాళ్ళకు ఇది కనపడనే లేదు. తన కంటికి కనపడింది. ఒక పుస్తకం తీసి రాసుకుంది: "అల కుట్టు. ఎడమన ఏడు. మూడోది పెద్దది. వెనక రెండు." పేరు కూడా తనే పెట్టింది.

ఆ రోజు నుంచి మొదలయ్యాయి తిప్పలు.

అల్లిక కన్నులు వదులుగా వేసి చూసింది. కాలరు నీరసంగా వాలిపోయింది. వరుసకు రెండు కన్నులు ఎక్కువ వేసి చూసింది. కోడి మెడ మీద ఈకలు లేచినట్టు లేచింది. సన్న సూది, లావు సూది మార్చి మార్చి అల్లింది. గంజి పెట్టింది. తడి వేళ్ళతో నొక్కి, పైన పళ్ళెం బోర్లించి పడుకుంది. పొద్దున లేచేసరికి పళ్ళెం గుండ్రం అచ్చు పడింది గానీ అలలు రాలేదు. అల్లడం, విప్పడం. విప్పిన ఊలు మెలికలు తిరిగిపోతే, తడిపి, కొసన చెంబు కట్టి దండానికి వేలాడదీసి, సాపు చేసి, మళ్ళీ అల్లడం.

ఇదంతా అవ్వ ఇంట్లో అందరూ కూర్చుని అల్లే చోటే, మూలకు తిరిగి కూర్చుని చేసేది. అవ్వను అడిగితే తీరిపోయేది కదా అంటారు మీరు. అడగలేదు. అడిగి నేర్చుకుంటే తన గొప్పేముంది?

అక్కడ సలోమి అని ఇంకో శిష్యురాలు ఉంది. వకుళ ఈడుదే. ఆమె చేయి నిదానం, నోరు చురుకు.

"ఏం మే వకుళా, ఇది ఎన్నో కాలరు?" అంది ఒకరోజు.

"నీకెందుకు?"

"లెక్క తప్పిపోతాననీ. పోయిన వారం పదహారు."

"నవ్వు. అల కుట్టు నీ కంటికి ఆనితే గదా."

"నాకు ఆనకపోతే పాయె. అవ్వకు వచ్చు గదా. అల్లింది ఆమే గదా. మరి నీకు చెప్పలేదంటే ఏమనుకోవాల?" సలోమి ఊలు కొస నోటితో తడిపి కుట్టుసూదిలోకి ఎక్కిస్తూ, మామూలుగా అనేసింది. "ఆఖరిది ఒకటి దాచుకున్నట్టుంది మే. అన్నీ ఇచ్చేస్తే అవ్వ దగ్గరికి ఎవరొస్తారు?"

సలోమి ఆ మాట అనేసి మరిచిపోయింది. వకుళ మరవలేదు. పడుకున్నా అదే, లేచినా అదే. మూడేళ్ళు ఆ ఇంటి వాకిలి ఊడ్చాను, కళ్ళల్లో చుక్కల మందు వేశాను, ఉండలు చుట్టాను. నాకే దాచిందా? ఇన్నాళ్ళూ అవ్వ నవ్వితే ముద్దుగా ఉండేది. ఇప్పుడు నవ్వితే, ఆ నవ్వు వెనక ఏడు అలలు కనపడేవి.

పంతొమ్మిదో కాలరు విప్పిన మరునాడు పొద్దున, వకుళ తన సూదులూ ఊలూ రెండు కోట్లూ ఒక సంచిలో వేసుకుంది. అడుగుతాను, చెబితే సరే, చెప్పకపోతే ఇంక ఆ గడప తొక్కను, అనుకుంది. తన మీద నమ్మకం లేని చోట తను మాత్రం ఎందుకు ఉండాలి? చెప్పులు కూడా కోపంగానే వేసుకుంది.

అవ్వ వాకిట్లో ఎండకు కూర్చుని మేజోడు అల్లుతోంది.

"అవ్వా, ఒకటి అడగాల."

"అడుగు."

"నీకు నా మీద నమ్మకం ఉండాదా, లేదా?"

సూదులు ఆగలేదు. "ఇది అడగడానికా పొద్దున్నే ఇంత మొహం పెట్టుకుని వచ్చినావు? కాఫీ తాగినావా?"

"లేదు."

"అందుకే. గిన్నెలో ఉండాది, పోసుకో."

"నాకు కాఫీ ఒద్దు. అల కుట్టు కావాల."

"ఏం కుట్టు?"

వకుళ సంచిలోంచి పాత కోటు తీసి అవ్వ ఒడిలో పెట్టింది. అవ్వ వేలు పట్టుకుని కాలరు అంచు మీద నడిపించింది. "ఇదిగో. ఒకటి, రెండు, ఇది మూడు, చూడు ఎంత పెద్దదో. ఏడు ఉండాయి. వెనక ఇంకో రెండు. ఇది నువ్వు నాకు నేర్పలేదు."

అవ్వ వేలు మూడో అల మీద ఆగిపోయింది.

"ఎన్ని కాలర్లు విప్పినావు?"

"పంతొమ్మిది."

అవ్వ భుజాలు కాస్త కదిలాయి. దగ్గు వచ్చిందేమో అనుకుంది వకుళ.

"నలుగురు ఈ కోటు ఎత్తుకుపోయినారు. ఒక్కతీ దీన్ని చూళ్ళేదు. నువ్వు చూసినావు" అంది అవ్వ. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో తెలియలేదు. "అయితే మే, ఈ కుట్టు నాకు రాదు."

"అబద్ధం."

అనేశాక వకుళ నోరు మూసుకుంది. మూడేళ్ళలో అవ్వతో అంత మాట ఎప్పుడూ అనలేదు.

అవ్వ కోప్పడలేదు. "నాకు రాదు. నాకు నేర్పిన దొరసానికీ రాదు. వచ్చినాయన ఒకాయన ఉండాడు, కొలిమి వీధిలో. పోదాం పా. వట్టి చేతులతో పోతే నేర్పడు. నీ కోటుకు ముందు మామూలు కాలరు అల్లు, తిన్నగా. ఎంతసేపు పడుతుంది?"

"గంట."

"ఆలోపల ఆయన నిద్ర లేస్తాడు. సరిపోతుంది."

వకుళ గడప మీద కూర్చుని కాలరు మొదలుపెట్టింది. కోపం ఎటుపోయిందో తెలియలేదు. దాని చోటు ఆత్రం ఆక్రమించింది. ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో ఇంత పెద్ద పనివాడు ఉన్నాడా? తను ఒక్కసారీ పేరు వినలేదే.

"పెద్దాయనేనా అవ్వా?"

"ఆ ఇంట్లో ఆయన మాట దాటేవాళ్ళు లేరు."

"చూపు ఆనుతుందా?"

"చీమ పోయినా చూస్తాడు."

"మనమే పోవాల్నా? ఆయన రాలేడా?"

"నడవలేడు. ఎవరో ఒకరు ఎత్తుకోవాల్సిందే."

అయ్యో పాపం, అనుకుంది వకుళ. ఆ వయసులో కూడా చేతిలో పని వదలలేదంటే ఎంతటివాడో. "ఆకూ వక్కా తీసుకుపోదామా? నములుతాడా?"

"ఏం ఇచ్చినా నములుతాడు. పళ్ళు రెండే గానీ." అవ్వ మేజోడు వరుస తిప్పుకుంది. "ఆకు వక్క ఒద్దులే. అరటిపండు తీసుకో, మెత్తగా ఉంటుంది."

మీరు నవ్వుతున్నారు. నవ్వకండి. వకుళ నవ్వలేదు. శ్రద్ధగా కాలరు ముగించి, ముడి వేసి, ఊలు కొస కత్తిరించింది. జడ విప్పి మళ్ళీ వేసుకుంది. దారిలో ఒక అరటిపండు కొంది. ఎందుకైనా మంచిదని, అవ్వ చూడకుండా ఆకూ వక్కా కూడా కొంది.

కొలిమి వీధిలో మూడో ఇల్లు. అరుగు మీద చెంగమ్మ అనే ఆమె చేటలో బియ్యం ఏరుకుంటోంది.

"చెంగమ్మా, మీ ఇంటాయన లేచినాడా?" అంది అవ్వ.

"మా ఆయన పొద్దున్నే కొలిమికి పోయినాడు గదా అవ్వా."

"ఆయన గాదు. అసలాయన."

చెంగమ్మ నవ్వింది. "ఆయనా! ఇప్పుడే లేచి నా కొంగు నమిలి వదిలినాడు." లోపలికి పోయి వచ్చింది.

ఆమె చంకలో ఏడు నెలల పిల్లవాడు. బుగ్గల నిండా చొంగ. గుప్పిట్లో ఎక్కడో పీక్కున్న దారం పోగు.

వకుళ చెంగమ్మ వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూసింది. ఎవరూ రాలేదు. తలుపు దానంతట అదే కిర్రుమని మూసుకుంది.

"మునిరత్నం గారు" అంది అవ్వ. "తాంబూలం పక్కన పెట్టి కోటు తొడుగు."

"దీన్నా? వీడికా?"

"మరి నాకు పడుతుందా?"

వకుళ ఆకూ వక్కా అరుగు మీద పెట్టింది. చెవులు ఎర్రబడ్డాయి. ఇదేదో తనను ఆట పట్టించడానికే అనుకుంది. కానీ అవ్వ మొహంలో ఆట ఏమీ లేదు. చెంగమ్మ పిల్లవాణ్ణి వకుళ ఒడిలో కూర్చోబెట్టేసింది. వాడు బరువుగా, వెచ్చగా, రొట్టె ముద్దలా కూర్చున్నాడు.

మూడేళ్ళలో వకుళ డజన్లకొద్దీ చంటికోట్లు అల్లింది. అల్లినవన్నీ పలచటి కాగితంలో చుట్టి ఇచ్చేసింది. ఒక్కటి కూడా ఒక్క బిడ్డకు తన చేత్తో తొడగలేదు.

చెయ్యి దూర్చబోతే వాడు గుప్పిట మూశాడు. గుప్పిట తెరిస్తే మోచేయి వంచాడు. మోచేయి తిన్నగా చేస్తే వేళ్ళు కోటు చేతి లోపలే ఎక్కడో చిక్కుకున్నాయి. వకుళ కింది నుంచి తన వేళ్ళు దూర్చి, ఒక్కొక్క వేలే వెతికి బయటికి లాగింది. చిటికెన వేలు గోరు బియ్యపు గింజ అంత కూడా లేదు. రెండో చేయి అయ్యేసరికి వకుళ నుదుటి మీద చెమట పట్టింది. మూడు గుండీలు పెట్టి, రిబ్బను ముడి వేసింది.

కోటు అందంగా పట్టింది. తన కోటు ఊపిరి తీసుకోవడం ఆమె ఎన్నడూ చూడలేదు.

మునిరత్నం కిందికి చూసుకున్నాడు. మొదట రిబ్బను పరిశీలించాడు, నచ్చలేదు. గుండీ ఒకటి గిల్లాడు, రాలేదు. తల ఎడమ పక్కకు తిప్పాడు. గడ్డం కింద మెత్తగా ఏదో తగిలింది. నోరు తెరిచాడు. కాలరు నోట్లోకి పోయింది.

"అయ్యో, వద్దురా, వద్దు" అంటూ వకుళ చేయి పోనిచ్చింది.

ఆ చేయి దారిలోనే ఆగిపోయింది. మణికట్టు దగ్గర అవ్వ పట్టుకుని ఉంది. పొర కమ్మిన కంటికి ఎలా కనపడిందో గానీ, పట్టు మాత్రం గట్టిగా ఉంది.

"పాఠం జరుగుతా ఉంది. మధ్యలో లేవకూడదు."

వకుళ కూర్చుంది. కవల కోటు, పంతొమ్మిది కాలర్లు, మూడేళ్ళ చదువు, రెండు నెలల పస్తు, అన్నీ కలిపి ఆ చొంగలో తడుస్తూ ఉంటే చూస్తూ కూర్చుంది. చొంగ పడిన ఊలు ఉబ్బుతుందని తెలుసు. వేడికి, నలుగుడికి సాగుతుందని తెలుసు. సాగింది మళ్ళీ వెనక్కి రాదని ఇంకా బాగా తెలుసు. ప్రాణం గిలగిలలాడింది.

మునిరత్నం పనిలో మునిగిపోయాడు. కింది చిగురుకు కొత్తగా వచ్చిన రెండు పళ్ళతో అంచు పట్టుకుంటాడు. పై చిగురుతో అదుముతాడు. తల వెనక్కి లాగుతాడు. ఊలు సాగుతుంది. వదులుతాడు. ఏమైందో అని చూస్తాడు, ఏమీ కనపడదు, కాలరు వాడి గడ్డం కిందే గదా. మళ్ళీ కాస్త పక్కన పట్టుకుంటాడు. నుదురు ముడతలు పడేలా పని చేస్తున్నాడు. కాలి బొటనవేలు కూడా బిగబట్టాడు.

వకుళ కళ్ళు, ఎంత వద్దనుకున్నా, ఆ అంచు మీదే ఉన్నాయి.

ఒక అల లేచింది.

దాని పక్కన ఇంకొకటి.

మూడోచోట వాడికి కాలరు బాగా దొరికినట్టుంది. పళ్ళు చాలక గుప్పిటతో కూడా పట్టి, రెంటితోనూ గుంజాడు. గుంజి గుంజి, అలసిపోయి, ఒక్కసారి ఊపిరి వదిలి, తడిసిన అంచును చెంపకు రుద్దుకున్నాడు.

మూడోది పెద్దది.

వకుళ సంచిలోంచి పాత కోటు తీసింది. దాని కాలరు చూసింది. పిల్లవాడి మెడ చూసింది. మళ్ళీ దీన్ని, మళ్ళీ దాన్ని.

సరిగ్గా అప్పుడే వీధి మలుపులో మెయిలు బస్సు హారను మోగింది. చలిమలకు రోజుకు ఒకటే బస్సు. దాన్ని నడిపే కదిరప్పకు యాభై దాటాయి. మీసాలు చెవుల దాకా ఉంటాయి. ఎంతటివాడు చెయ్యెత్తినా స్టాపు కాని చోట ఆపని మనిషి. ఊళ్ళో పిల్లలు అల్లరి చేస్తే తల్లులు ఆయన పేరే చెబుతారు.

"ఆ ఏడు అలలు ఎవరివి అనుకున్నావు?" అంది అవ్వ. "ఆయనవే. నా మొదటి కోటు మొదట తొడుక్కున్నది ఆ కదిరప్ప. వెనక రెండూ వాళ్ళ చెల్లెలివి. ఆ పిల్లకు కోటు ఎప్పుడూ వెనకముందులు అయిపోయేది. ఇద్దరూ తొడిగి వదిలినాక వాళ్ళమ్మ ఉతికి తెచ్చి నాకిచ్చింది."

బస్సు కొలిమి వీధి ముందు నిదానించింది. వకుళ కదిరప్ప మీసాలను చూసింది. చేతిలో ఉన్న మూడో అలను చూసింది.

"ఏం మే, బస్సెప్పుడూ చూళ్ళేదా?" అని గద్దించాడు కదిరప్ప.

అంతే. వకుళకు నవ్వు ముంచుకొచ్చింది. ఆపుకోవాలని పెదవి కొరికింది. ఆగలేదు. పొట్ట పట్టుకుని నవ్వింది. కళ్ళ నీళ్ళు కారేలా నవ్వింది. ఆమె ఒడిలో ఉన్న మునిరత్నానికి ఆ కుదుపు నచ్చింది. కాలరు వదిలేసి, రెండు పళ్ళూ కనపడేలా వాడూ నవ్వాడు. చెంగమ్మకు సంగతి తెలియకపోయినా, చేట పక్కన పెట్టి ఆమె కూడా నవ్వింది. కదిరప్ప ఒళ్ళు మండి గేరు మార్చుకుని వెళ్ళిపోయాడు.

నవ్వు తగ్గాక వకుళ కళ్ళు తుడుచుకుంది. అరటిపండు వలిచి, చిన్న ముక్క వేళ్ళతో మెత్తగా నలిపి, కుడిచేత్తో పిల్లవాడి నోటికి అందించింది. ఎడమచేయి ఆ కుడిచేతి కింద ఉంది, పెద్దలకు ఇచ్చేటప్పుడు పెట్టినట్టు. మునిరత్నం దక్షిణ స్వీకరించాడు. స్వీకరించినదాంట్లో సగం కోటు మీద వదిలాడు.

"అక్కడ మరక పడింది చూడు" అంటూ చెంగమ్మ గాభరాగా లేచింది. "ఇట్లియ్యి పాపా, విప్పేస్తాను. పరీక్ష కోటంట గదా, సలోమి చెప్పింది. ఎంత పని చేసినాడు వీడు!"

చెంగమ్మ గుండీ మీద చేయి వేసిందో లేదో, పిల్లవాడి కింది పెదవి ముందుకు వచ్చింది. వకుళ చెంగమ్మ చేతిని మెల్లగా పక్కకు జరిపింది.

"ఉండనీ అక్కా. వాడిదే."

"అయ్యో, మరి నీ పరీక్ష?"

వకుళ పిల్లవాడి జారిన మేజోడు పైకి లాగుతూ ఉంది. ఆ పనిలో ఉండి ప్రశ్న వినలేదేమో కూడా.

అవ్వ కర్ర పక్కన పెట్టి అరుగు మీద జరిగి కూర్చుంది. పాత కోటును తన ఒళ్ళో పరుచుకుని ఎడమచేయి దాని మీద వేసింది. కుడిచేయి పిల్లవాడి వీపు మీద వేసింది. కళ్ళు మూసుకుంది. రెండు చేతులూ కలిసి కదిలాయి. భుజం. బుట్ట చెయ్యి. నడుము రిబ్బను. అంచున ఆకులు, ఒక్కొక్క ఆకూ. తరువాత కాలరు వెనక నుంచి చుట్టి, ఎడమ పక్కకు వచ్చాయి. అక్కడ ఒకటి పొడిగా ఉంది, ఒకటి తడిగా ఉంది.

మునిరత్నం ఆ వేలిని పట్టుకుని నోట్లో పెట్టుకున్నాడు. అవ్వ లాక్కోలేదు.

"రెండూ ఒకటే" అంది కళ్ళు మూసుకునే.

మిగిలిన చేత్తో బొడ్లో దోపుకున్న గుడ్డ మూట తీసింది. విప్పింది. లోపల నునుపు తేలిన ఒక జత సూదులు. అవి వకుళ వైపు చాపింది.

వకుళ అందుకోలేకపోయింది. తల వంచుకుని, "నేను నిన్ను ఏమేమో అనుకున్నాను అవ్వా. దాచుకున్నావని..." అంది.

"అనుకుంటావు. ఇరవై రోజుల్లో అల్లినదాన్ని రెండు నెలలు నా దగ్గరికి తేకపోతే, నేనూ ఏమేమో అనుకున్నాను. ఈ పిల్లకు ఇంక నేను అక్కర్లేదేమోనని." అవ్వ సూదులు ఆమె అరచేతిలో పెట్టి, వేళ్ళు తనే మూసింది. "మనం అల్లేది కాలరు దాకానే మే. తక్కింది వాళ్ళు అల్లుకుంటారు."

వకుళ ఒడిలో పిల్లవాడు నిద్రకు తూగుతున్నాడు, తడిసిన కాలరు వాడి చెంప కింద నలుగుతోంది. ఆమె దాన్ని సవరించలేదు.

అయిపోయింది. లేవండి ఇంక, చాప నేను చుడతానులే. మీ ఇళ్ళలో పొయ్యి మీది గిన్నెలు దిగే వేళయింది, చారు వాసన ఇక్కడిదాకా వస్తోంది. పరిగెత్తకుండా పోండి. కాళ్ళూ చేతులూ కడుక్కుని వేడివేడిగా తినండి. ఇంట్లో చంటిపిల్లలు ఉన్నవాళ్ళు ముందు వాళ్ళకు పెట్టండి, వాళ్ళు మీ చొక్కా పట్టుకుంటే కాసేపు పట్టుకోనివ్వండి.